మార్జిన్లు తుడిచిన పుస్తకం

నారాయణగూడ ఉక్కపోతలో ఫ్యాను కింద కూర్చుని, ఉత్తరధ్రువం మంచులో ఇరుక్కుపోయిన ఓడల గురించి చదివే పిచ్చి నాది. ఆ యాత్రల మీద పాత పుస్తకం ఎక్కడైనా ఉందని తెలిస్తే నాకు కాలు నిలవదు. అలాగే అశోక్‌నగర్‌లో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. ఆమె భర్త భూగోళం మాస్టారు, పోయి ఏడాది దాటింది. ఆయన బీరువాలో దొరికింది, వందేళ్లు దాటిన ఇంగ్లిషు పుస్తకం. తోలు అట్ట, మడతలు విప్పితే మంచమంత అయ్యే పటం. మార్జిన్లలో మాత్రం పేజీ పేజీకీ పెన్సిల్‌తో ఆయన తెలుగు రాత.

ఆమె నన్ను డబ్బు మాట ఎత్తనివ్వలేదు.

"నాకు చూపు ఆనదు బిడ్డా. తీస్కపో. జర తీరికున్నప్పుడు తెచ్చి, ఆయన ఏం రాసిండో ఒక్కపారి చదివి చెప్పు, చాలు."

"తప్పకుండ తెస్త అమ్మా" అన్నాను. చిక్కడపల్లి దాటేలోపే ఆ మాట మరిచిపోయాను.

పాత పుస్తకాలు పోగేసేవాళ్లలో చాలామందికి పెన్సిల్ గీతలున్న పుస్తకం మైలపడినట్టే. వాటిని తుడిచే పద్ధతి కోఠిలో ఒక పుస్తకాలాయన నేర్పాడు. మెత్తటి రబ్బరుతో ఒకే వైపుకు రుద్దాలి, పొట్టును కుంచెతో దులపాలి. మూడు ఆదివారాలు ఓపికగా చేశాను. ఒక్క వాక్యమైనా చదవలేదు. నా కంటికి అవన్నీ మరకలే. పైగా ఫొటోలు తీసి స్నేహితులకు పంపి మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

నెల తర్వాత ఆమె ఫోన్ చేసింది. "మర్చిపోయినవా ఏంది బిడ్డా?"

జరిగింది చెప్పేద్దామనే పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. టీవీ ఆపి, కుర్చీ నా పక్కకు జరుపుకుంది. ఆ ఎదురుచూపు చూశాక నిజం చెప్పలేకపోయాను. ఖాళీ మార్జిన్ మీద వేలు పెట్టి, అప్పటికప్పుడు కల్పించి చదివాను.

"ఈ మంచులో వీళ్లకు ఇంటి నుంచి ఉత్తరమైనా రాదు. నాకైతే పిలిస్తే పలికే మనిషి వంటింట్లోనే ఉంది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బతికున్నన్నాళ్లు నాతోని ఒక్క మంచి మాట అనలె ఆ మనిషి. మళ్లొక్కపారి చదువు. యాది పెట్టుకుంట."

అదే చోట వేలు పెట్టాను. కంగారులో నేనన్న మాటలు నాకే గుర్తు రాలేదు. "మంచులో ఉన్నవాళ్లకు ఇల్లు యాదికొస్తది..." అని ఆగిపోయాను.

"ఇందాక ఉత్తరం అన్నవు గదా?"

ఆమె పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. పేజీని కళ్లకు ఆనించుకుని చూసింది. ఇంకో పేజీ తిప్పి చూసింది.

"అంత తెల్లగనే కనవడ్తున్నది. నా కండ్లే ఖరాబైనయా బిడ్డా?"

"అవునమ్మా, కండ్లే" అన్నాను.