బోర్డు మీద నాకాన్ల ఇంటిపేరు

ఆల్సీడ్ టెరియో అరవై ఏళ్ళు లూసియానాలో నీళ్ళ అంచున బతికాడు. నడక వచ్చిన కొన్నాళ్ళకే తండ్రి రొయ్యల పడవ ఎక్కాడు. తరువాత ఆ పడవే నడిపాడు. తుఫాను ఇంటిని స్తంభాలతో సహా పట్టుకుపోయాక, భార్య ఒడీల్‌తో మిన్నెసోటా వచ్చి, టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. చల్లటి గది, కత్తి, ఎనిమిది గంటలు. ఆ పనితో అతనికి పేచీ లేదు. మంచుతోనూ లేదు.

ఒడీల్ తినడం మానేస్తోంది. అతని దిగులంతా అదే.

మొదట రాత్రి భోజనం మానేసింది. తరువాత పగటిది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, జబ్బేమీ లేదు, తినాలంతే అన్నాడు. ఒడీల్ బుద్ధిగా తల ఊపింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పెళ్ళి ఉంగరం జారిపోతుంటే దానికి దారం చుట్టి పెట్టుకుంది.

వాళ్ళ ఊరి రొయ్యల పులుసు గంబో అయితే రెండు చెంచాలు తింటానేమో అంది ఒకరోజు. ఆ ఆదివారమే ఆల్సీడ్ పొయ్యి ముందు నిలబడ్డాడు. గంబోకు ముందు పిండిని నూనెలో వేయించాలి. అది ఎర్రబడి, గోధుమరంగు దాటి, నలుపుకు ఒక్క అడుగు ఇవతల ఆగేదాకా చెయ్యి ఆపకూడదు. వాళ్ళ ఊళ్ళో ఆ సమయంలో ఎవరు తలుపు తట్టినా వెళ్ళరు. రంగు తిరుగుతుండగా గది కప్పుకు బిగించిన పొగ గంట మోగింది. ఆల్సీడ్ గరిటె ఆపలేదు. ఆ భవనం నాలుగు అంతస్తుల్లోనూ గంటలు మోగాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని మంచులోకి పరిగెత్తారు. ఫైరింజనువాళ్ళు వచ్చి పొయ్యి కట్టేసేదాకా అతను కలుపుతూనే ఉన్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఇల్లు ఖాళీ చేయాలని మర్నాడు కాగితం వచ్చింది.

ఫ్యాక్టరీలో పక్కన కోసే మనిషి చెప్పాడు, నగరంలో మీవాళ్ళ హోటలు ఒకటి వచ్చింది, బోర్డు మీద నాకాన్ అని ఉందని.

నాకాన్ ఒడీల్ పుట్టింటివాళ్ళ పేరు. వాళ్ళ ఊళ్ళో బోర్డు మీద ఒక ఇంటిపేరు ఉంటే, ఆ ఇంటి మనిషి లోపల గరిటె పట్టుకుని ఉన్నట్టే. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. ఒడీల్ మంచం దిగింది. పెద్దనాన్న మనవడు వెర్నెస్ ఎప్పుడో ఉత్తరానికి పోయాడు, వాడే అయ్యుంటాడని తేల్చింది. చుట్టాల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని, గంబోలో చల్లే ఆకుపొడి సీసా తీసుకుంది. తల్లి ఎండబెట్టి దంచిన పొడి. ఇంటి సామానులో తుఫాను పాలు కాకుండా మిగిలింది అదొక్కటే.

నూట పది మైళ్ళు. దారంతా ఒడీల్ వాళ్ళ ఊరి ఫ్రెంచిలో మాట్లాడుతూనే ఉంది. వెర్నెస్ తల్లి చేతి వంట కుక్కలు కూడా వాసన చూసి వదిలేసేవట. అయినా పిండి మాత్రం బాగా వేయించేదట. ఆల్సీడ్ నవ్వాడు. ఆమె తిండి మానేశాక అతను నవ్వడం అదే మొదలు.

హోటలు గోడల మీద ప్లాస్టిక్ ఎండ్రకాయలు, పూసల దండలు, ఒక వల ఉన్నాయి. ఆ వలకు ఎన్నడూ తడి తగల్లేదని ఆల్సీడ్‌కు చూడగానే తెలిసింది. ఒడీల్ గుమ్మంలోనే నిలబడింది. ఎవరమ్మాయివి అని లోపలినుంచి ఎవరైనా అడుగుతారని. ఎంతమంది అని అడిగింది అక్కడి పిల్ల.

గంబో వచ్చింది. ఎర్రగా ఉంది. మధ్యలో గిన్నె బోర్లించినట్టు అన్నం, దాని నెత్తిన ఒక ఆకు. ఒడీల్ ఒక్క చెంచా తిని, చెంచా పక్కన పెట్టింది.

"టమాటా. చక్కెర కూడా వేశాడు. వీడెవడో పిండిని పొయ్యి మీద పెట్టి, భయమేసి పారిపోయాడు."

తరువాత నాకాన్‌ను పిలవమంది. మేనేజరు వచ్చాడు. చిన్నవాడు, మెతకవాడు. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరని, వినడానికి బాగుందని కంపెనీ పెట్టిందని, ఇలాంటి హోటళ్ళు పంతొమ్మిది ఉన్నాయని చెప్పాడు. నచ్చకపోతే ఇంకేదైనా ఇప్పిస్తానన్నాడు.

"మీ అమ్మ ఎవరు నాయనా?" అని అడిగింది ఒడీల్. వాళ్ళ ఊళ్ళో కొత్తవాణ్ణి అడిగే మొదటి మాట అది.

"మా అమ్మా? ఫార్గోలో నర్సండీ."

ఒడీల్ తల ఊపింది, డాక్టరు దగ్గర ఊపినట్టే. సంచిలోంచి సీసా తీసి అతని చేతిలో పెట్టింది. మీ వంటవాడికివ్వు, పొయ్యి మీదినుంచి దించాకే చల్లమను, మరిగేటప్పుడు వేస్తే తీగలు సాగుతుందని చెప్పింది. అతను రెండు చేతులతో అందుకుని, థాంక్సండీ అని వెళ్ళిపోయాడు.

ఆల్సీడ్‌కు భయం పట్టుకుంది. సీసా కోసం కాదు. ఇంకెప్పుడూ వండనివాళ్ళే అలా ఇచ్చేస్తారు. అతను గబగబా నాలుగు చెంచాలు తిన్నాడు.

"బాగానే ఉందే. తిను."

ఒడీల్ అతన్ని చూసింది.

"ముప్పైతొమ్మిదేళ్ళు నా చేతి గంబో తిన్నావు. ఒక్కనాడైనా బాగుందన్నావా?"

"లేదు."

"ఉప్పు చాల్లేదన్నావు. రంగు తేలిపోయిందన్నావు. మా అమ్మను పాతిపెట్టి వచ్చిన రోజు కూడా, రొయ్యలు ఎక్కువ ఉడికాయని గొణిగావు."

"ఉడికాయి."

"మరి ఇది బాగుందా?"

అతను ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"పోయేవాళ్ళతో మాట్లాడినట్టు నాతో మాట్లాడకు, ముసలోడా. నాకు నీ వంకలే కావాలి."

వంక పెడదామనే అతను నోరు తెరిచాడు. చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. పిండి పచ్చిగా ఉంది, రొయ్యలు రబ్బరులా ఉన్నాయి, అన్నం మెతుకు మెతుక్కి అంటుకుపోయింది. ఒక్కటి అన్నా ఆమె తినడానికి ఇక్కడ ఏమీ మిగలదు. నూట పది మైళ్ళు వెనక్కి వెళితే అక్కడా లేదు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేశాడు.

చెంచా నింపాడు. అందరూ చూస్తుండగా బల్లమీదికి వంగి ఆమె నోటి దగ్గర పెట్టాడు. బల్లమీది గుడ్డ మీద ఒక చుక్క పడింది.

ఒడీల్ పెదవులు తెరవలేదు. కోపమేమీ లేదు. దారం చుట్టిన ఉంగరం ఉన్న చేత్తో అతని మణికట్టు పట్టుకుని, చెంచాను మెల్లగా కిందికి దించింది.

"నువ్వు తినయ్యా," అంది. "చల్లారిపోతోంది."