ప్రెసిడెంటు ఆడిన లాడాల ఆట

ఈ సంగతి చెప్పడానికి నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వారు, లేదా ఫోను తీశారు, లేదా మాట మార్చి టీ తెమ్మన్నారు. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. అందుకే ఈసారి రాస్తున్నాను. రాసిన దాన్ని మధ్యలో ఆపి టీ తెమ్మనడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు కూడా నా చొక్కాకు ఆ వాసన పట్టుకొనే ఉంది. కువైట్‌లోని సులైబియాలో మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, గుర్రాల కొట్టం ఉంది, నేను అందులో పనివాణ్ణి. లాడాలు కొట్టే పాకిస్తాన్ ఉస్తాద్ ఈ ఉదయం, కాలిన లాడాన్ని పటకారుతో పట్టి గుర్రం గిట్టకు ఆనించగానే చుయ్యిమని తెల్లటి పొగ లేచింది. తోటివాళ్ళు ముక్కులు మూసుకొని దూరం జరిగితే నేను మాత్రం ఆ పొగలోకే వెళ్ళి గుండె నిండా పీల్చుకున్నాను. వెంట్రుకలు కాలినట్టుండే ఆ కమురు వాసనే మా తాత, మా జేజినాయన వాసన.

రాయచోటి బస్టాండు వెనక జట్కాలు నిలిచే చోట, చింతచెట్టు కింద మా జేజినాయన కొలిమి ఉండేది. తెల్లారేసరికి తిత్తి బుస్సుమనేది, బొగ్గుల మీద నిప్పురవ్వలు ఎగిరేవి, జట్కావాళ్ళు బీడీలు ముట్టించుకుంటూ వరసలో కూర్చొనేవాళ్ళు. ఆయన గుర్రం కాలు తన మోకాలి మీదికి తీసుకొని, పసిపిల్ల పాదం పట్టుకున్నట్టు పట్టుకొని, అరిగిన లాడం ఊడబెరికి, గిట్ట చెక్కి, కొత్తది బిగించేవాడు. ఊడదీసిన పాత లాడాలకు ఎంత గిరాకీ అనుకున్నారు! దిష్టి తగలకుండా గడపకు కొట్టుకోవడానికి ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి అడిగి తీసుకొనిపోయేవాళ్ళు. అందరూ ఏరుకున్నాక మిగిలిన వంకరవీ, కొస విరిగినవీ మా వాటాకు వచ్చేవి. ఆ వంకర లాడాలతోనే మేము ప్రపంచాన్ని గెలిచాం.

ఇసుకలో ఒక గుంజ పాతి, అల్లంత దూరాన గీత గీసి, గీత దాటకుండా లాడాన్ని విసరాలి. గుంజకు ఆనుకుంటే ఒక లెక్క, గుంజ చుట్టూ పడితే ఇంకో లెక్క. అలా చుట్టూ పడినదాన్ని మేము 'కంటె' అనేవాళ్ళం, పెళ్ళికూతురి మెడలో కంటె పడ్డట్టే ఉండేది కాబట్టి. కంటె పడినప్పుడు వచ్చే టంగుమనే చప్పుడు ఎలాంటిదంటే, బీడీ తాగుతున్న జట్కావాళ్ళు కూడా మాట ఆపి తల తిప్పేవాళ్ళు. శనక్కాయలు పెరికిన తర్వాత గాలులు మొదలైతే లాడం దారి తప్పేది. గాలికి ఎదురు నిలిచి ఎంత వంచి వేయాలో మాకు అలవడింది. ఆయుధ పూజ నాడు సుత్తికీ పటకారుకూ పసుపు కుంకుమ పెట్టి, వాటి పక్కనే మా లాడాలకు కూడా మా నాయనమ్మ, జేజి, బొట్టు పెట్టేది. ఆ పూట మా నోళ్ళ నిండా బొరుగులూ బెల్లమూ, చేతుల నిండా ఇనుప తుప్పు. మా వీధి ఓబులేసు నాకు జోడీ. వరసకు బావ, ఆటలో ప్రాణం. మేమిద్దరం ఒక పక్షమైతే ఎదురు నిలిచేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

కువైట్‌లో యుద్ధం వచ్చిన ఏడాది అది. మా నాయన ఇక్కణ్ణుంచి ఎలాగో తప్పించుకొని ఇల్లు చేరాడు, చేరిన రోజు నుంచీ మళ్ళీ ఎప్పుడు పోతామా అని రేడియోకు చెవి ఒప్పజెప్పి కూర్చున్నాడు. మా ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా అమెరికా ప్రెసిడెంటు మాటే. ఆయన ఏం చేస్తాడో, ఎప్పుడు చేస్తాడో అని మా నాయన వయసువాళ్ళు ఊపిరి బిగబట్టి ఉన్న రోజులవి. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నేనూ ఓబులేసూ మిరపకాయ బజ్జీలు కొనుక్కొని తిన్నాం. పొట్లం కాగితం ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చింపినది. బజ్జీలు అయిపోయాక విప్పి చూస్తే, సాక్షాత్తూ ఆ ప్రెసిడెంటే! టై కొస ఎగిరి భుజం మీద పడింది, ఒక కాలు ముందుకు, చెయ్యి గాలిలో, చేతిలో లాడం! ఎదురుగా ఇసుక, ఇసుకలో గుంజ. పక్కన ఒకాయన ఆయన కోటు పట్టుకొని నిలబడ్డాడు. బజ్జీ నూనె సరిగ్గా అతని మొహం మీద దిగి, వెనక వైపు అచ్చు ఇవతలికి కనిపించి, మొహం నిండా అక్షరాలే. మేమిద్దరం ఆ కాగితాన్ని పట్టుకొని కొలిమి దాకా పరుగెత్తాం, గొంతు పోయేదాకా అరిచాం. జేజినాయన దాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, నా వైపు తిరిగి,

"ఆయప్ప ఆడ్తే ఆడనీ. నీ సెయ్యి ఇంకా వంకర పోతాంది, అది సూస్కో" అన్నాడు.

మర్నాడు లేచేసరికి ఆ కాగితంతోనే మా జేజి పొయ్యి రాజేసింది. అయినా నేను ఆగలేదు. మా ఆటను తిరుగుబోతుల ఆట అని తిట్టే సోషలు సారు ఎదుట నిలబడి, అమెరికా ప్రెసిడెంటు తన బంగళా తోటలో మా ఆటే ఆడుతున్నాడని చెప్పాను. క్లాసంతా విరగబడి నవ్వింది.

"అమెరికాకు లాడాలు మీ జేజినాయనే పంపినాడంట్రా?" అని అడిగాడు సారు.

నవ్వు ఆగాక ఆయనే ఒక మాట అన్నాడు: నువ్వు కాక ఇంకొకడు చూశానని చెబితే, ఈసారి స్కూలు ఆటల పోటీల్లో లాడాల ఆట కూడా పెడతాను. నా గుండె ఎగిరి గంతేసింది. మా గుంజ స్కూలు మైదానంలో! జట్కావాళ్ళూ, జేజినాయనా, రేడియో వదిలి మా నాయనా అందరూ చూస్తుండగా కంటె! నేను ఓబులేసు వైపు వేలు చూపించాను. 'చూశావా, లేదా?' అని సారు అడగ్గానే వాడు లేచి నిలబడ్డాడు. సారు చేతిలోని బెత్తం వైపు ఒకసారి, నవ్వుతున్న పిల్లల వైపు ఒకసారి చూశాడు.

"నేను సూళ్ళేదు సార్" అన్నాడు.

అంతే. మైదానం పోయింది, ఆట మీద నిషేధం వచ్చింది, పిల్లల తలలు పగులుతాయని గుంజ పీకించారు. నాకు మాత్రం 'ప్రెసిడెంటు' అనే పేరు మిగిలింది. ఆ పేరు నాకంటే ముందే విమానం ఎక్కి ఇక్కడికి వచ్చింది. కువైట్‌లో నన్ను అసలు పేరుతో పిలిచేవాడు లేడు.

ఓబులేసు కూడా ఇక్కడే, సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరు. శుక్రవారం సెలవు దొరికితే మా కొట్టానికి వస్తాడు. ఉస్తాద్ పారేసిన లాడాలు, ఒక ఇనుప కడ్డీ, కావలసినంత ఇసుక, ఇంకేం కావాలి? మళ్ళీ మొదలుపెట్టాం. ఫోను వచ్చాక నేను ఈ విషయంలో ఎంత దూరం పోయానో చెబితే ఆశ్చర్యపోతారు. ఆ ప్రెసిడెంటు లాడాలు ఆడిన మాట అక్షరాలా నిజం. తన దగ్గర పనిచేసేవాళ్ళతో పందేలు పెట్టి మరీ ఆడేవాడట. ఇంకో ప్రెసిడెంటు తెల్లారకముందే ఒంటి మీద నూలుపోగు లేకుండా ఏటిలో ఈదేవాడట. ఒకాయనకు స్టాంపులు పోగుచేసే పిచ్చి. ఒకాయన తన గోల్ఫు గడ్డిని ఉడుతలు తవ్వుతున్నాయని వాటిని పట్టించి దూరంగా పంపించాడట! ఇవన్నీ నేను ఓబులేసుకు చెబుతూనే ఉన్నాను, వాడు తల ఊపుతూనే ఉన్నాడు, బజ్జీ పొట్లంలో ఆ బొమ్మ చూశావా, లేదా అని అడిగితే మాత్రం మాట మార్చి ఇంకో లాడం అందుకుంటాడు.

మొన్న శుక్రవారం గాలి బాగా వీస్తోంది. ఓబులేసు గాలికి ఎదురు నిలిచి, మా రాయచోటి వంపుతో విసిరాడు. టంగ్! కంటె! ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు. ఆ ఉత్సాహంలో వాడు ఒళ్ళు మరిచి, హిందీలో ఉస్తాద్‌కు చెప్పడం మొదలుపెట్టాడు: ఈ ఆట అమెరికా ప్రెసిడెంటు కూడా ఆడాడు ఉస్తాద్, టై ఇలా భుజం మీద పడింది, పక్కన కోటు పట్టుకున్నవాడి మొహం నిండా అక్షరాలే.

నా చేతిలోని లాడం జారి ఇసుకలో పడింది. ఆ అక్షరాలు ఏ ఫోనులోనూ లేవు. మా బజ్జీ నూనె దించిన అక్షరాలవి. వాటిని నేను ఎవరికీ చెప్పలేదు, నవ్వేవాళ్ళకు అంత వివరం ఎందుకని.

"అయితే సూసినావు గదరా" అన్నాను.

వాడు లాడం ఏరుకొని, ఇసుక దులిపి, "ఇంకా ఇడ్సవా బావా నువ్వు? టీ పొయ్యి" అన్నాడు.

జట్కాలు పోయాయి. చింతచెట్టు ఉన్నచోట ఫోన్ల అంగళ్ళు వెలిశాయి. లాడాలు అడగడానికి వచ్చే ఆడవాళ్ళూ లేరు, అడిగితే ఇచ్చే జేజినాయనా లేడు. కంటె అంటే ఏమిటో తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, అందులో ఒకడు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రద్దు చేయించుకొని ఊరికి పోతున్నాడు. వచ్చే శుక్రవారంతో ఓబులేసు ఖలాస్.

ఓబులేసూ, కడ్డీ పాతే ఉంచాను. టీ కూడా ముందే కాచి పెడతాను, అడిగే పని లేకుండా. నువ్వు గీత దగ్గర నిలబడు. ఉస్తాద్ వింటుండగా, సారు అడిగినట్టే అడుగుతాను. చూశావా, లేదా? చెప్పి విసురు.