బాదం ఆకుల సంచి

పన్నెండేళ్ళు దాటింది, నేను ఒక సంచి మోస్తున్నాను. అందులో ఎండిన బాదం ఆకులు తప్ప ఏమీ లేవు. చేత్తో ఎత్తితే బరువే తెలియదు. అయినా దించుకోలేకపోయాను. ఎక్కడ దించాలో, ఎవరి ముందు దించాలో తెలియక ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే కాస్త ధైర్యంగా ఉంది.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషిని నేను. ఎలా నేర్చుకున్నానన్నది కూడా ఈ తప్పులో భాగమే. రాతలో ఎక్కడైనా తడబడితే చదువు తక్కువై అనుకోకండి. భయం వల్ల అనుకోండి.

మాది ఇచ్ఛాపురం వైపు. అక్కాచెల్లెళ్ళం ఇద్దరం అన్నదమ్ములిద్దరినీ చేసుకుని జంషెడ్‌పూర్ వచ్చాం. సీతారాండేరాలో ఒకటే ఇల్లు. కింద మేము, పైన చెల్లి వాళ్ళు. చెల్లి పేరు పార్వతి. నాకంటే ఆరేళ్ళు చిన్నది. అక్కని మా వైపు పిలిచినట్టు నన్ను అప్పా అని పిలుస్తుంది. చిన్నప్పుడు దాన్ని చంకనెత్తుకుని బడికి మోసింది నేనే. అది లోపల కూర్చునేది. నేను తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, బడి వదిలేదాకా బయట అరుగు మీద కూర్చునేదాన్ని. లోపల పిల్లలు అరిచే పాఠాలన్నీ నాకు నోటికి వచ్చేవి. ఏ అరుపు ఏ అక్షరానిదో మాత్రం తెలిసేది కాదు.

ఇందులో దాని తప్పేముంది? ఏమీ లేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు ఆగుతుందా?

మా ఇంటి మగవాళ్ళు ఇక్కడే పుట్టి హిందీ బళ్ళలో చదివారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మా అమ్మాయి స్వాతి కూడా అంతే. అంటే ఆ ఇంట్లో తెలుగు చదవగలిగింది పార్వతి ఒక్కతే. హిందీ చదవగలదు, స్వాతి బడి నుంచి వచ్చే ఇంగ్లీషు కాగితాలూ చదవగలదు. అప్పట్లో నేను ఏదీ చదవలేకపోయేదాన్ని. బడి డైరీ తెస్తే స్వాతి నన్ను దాటుకుని నేరుగా మేడ మెట్లెక్కేది. పిన్ని సంతకం, పిన్ని లెక్కలు, పిన్ని జడ. పార్వతికి పిల్లలు లేరు. పిల్ల ఉన్నదాన్ని నేను, లేనిదాని మీద కుళ్ళుకున్నాను. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

స్వాతి పదో క్లాసులో ఉన్నప్పుడు పార్వతి మేడ మీద ఒక గాజు తొట్టి పెట్టింది. అందులో చేపలు కావు, ఎర్రటి చిన్న రొయ్యలు. గోరంత కూడా ఉండవు. మరిది స్నేహితుడెవరో కలకత్తా నుంచి రైల్లో నీళ్ళ కవరులో తెచ్చిచ్చాడు. ఆ రొయ్యలకి ఎండిన బాదం ఆకులు వెయ్యాలట. నాకు మొదట నవ్వొచ్చింది. మేము ఊడ్చి పారేసే చెత్త అది. కానీ పార్వతి ఊరికే వేసేది కాదు. చెట్టు తనంతట తాను రాల్చిన ఆకే ఏరేది. పచ్చిది పనికిరాదు. బాగా ఎండి గోధుమరంగుకి తిరగాలి. కడిగి, వేడినీళ్ళలో ముంచి తీసి అప్పుడు వేసేది. ఆకు మొదట తేలుతుంది, తర్వాత మెల్లగా అడుక్కి దిగుతుంది. నీళ్ళు పల్చటి టీ రంగుకి వస్తాయి. కొన్నాళ్ళకి ఆకు మీద జిగురులాంటి పొర కడుతుంది. రొయ్యలు దాని మీద కూర్చుని, కనపడీ కనపడని చేతులతో గబగబా ఏరుకు తింటాయి. చివరికి ఈనెలే మిగులుతాయి, అల్లిన వలలాగా. పిల్ల రొయ్యలు ఆకు కింద దాక్కుంటాయి.

ఇంత బాగా ఎలా చెబుతున్నానంటే, నేనూ చూసేదాన్ని. వాళ్ళిద్దరి వెనక నిలబడి, ఆరిన బట్టలు తీసుకునే నెపంతో. గాజుకి దగ్గరగా రెండు తలలూ ఆనించి వాళ్ళు గుసగుసలాడేవారు. ఒకసారి ఒక రొయ్య పొట్ట కింద గుడ్లు మోస్తోందని స్వాతి కేక పెట్టింది. పార్వతి దాని బుగ్గ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. తల్లి రొయ్యని చూసి మురిసిపోయే నా కూతురు వెనక్కి తిరిగి చూస్తే తల్లి అక్కడే ఉంది కదా. తిరగలేదు.

ఆ రోజుల్లోనే నేను రహస్యంగా చదువు మొదలుపెట్టాను. గోల్‌మురి మార్కెట్ వెనక ఒక రిటైరైన టీచరమ్మ ఆదివారాలు పిల్లలకి తెలుగు నేర్పేది. పిల్లల మధ్య నేనూ కూర్చునేదాన్ని. ఇంట్లో భజన అని చెప్పేదాన్ని. పార్వతి దగ్గరే నేర్చుకోవచ్చు కదా అంటారేమో. అదే నాకు ఇష్టం లేదు. ఒకరోజు స్వాతి ముందు ఏదో ఒకటి గడగడా చదివి దాని కళ్ళు పెద్దవి కావడం చూడాలని నా కోరిక. అందులో పార్వతి వాటా ఉండకూడదు.

ఇక ఆ రోజు సంగతి.

మేడ మీద వరండాలో రెండు మేకులకి రెండు బియ్యం సంచులు వేలాడేవి. రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో మా వీధి చివరి చెట్టు ఆకులు. రెండో దాంట్లో మరిది ఊళ్ళోనే కద్మా వైపు నుంచి ఏరి తెచ్చినవి. తెచ్చాక తెలిసింది, ఆ చెట్లకి గొంగళిపురుగులు పట్టాయని మందు కొట్టారట. పారెయ్యాలని పక్కన పెట్టారు, ఆకులే కదా అని ఎవరూ పారెయ్యలేదు. పార్వతి తన గుర్తు కోసం ఒక కాగితం ముక్క మీద తెలుగులో ఏదో రాసి ఆ సంచికి పిన్నీసుతో గుచ్చింది. కాగితం ఉన్న సంచి ముట్టుకోవద్దని స్వాతికి నోటితోనే చెప్పింది.

పార్వతి మార్కెట్టుకి వెళ్ళింది. నేను వరండాలో తడి బట్టలు ఆరేస్తున్నాను. లోపల స్వాతి తొట్టి శుభ్రం చేస్తోంది.

"మమ్మీ, పత్తే వాలా థైలా దేనా. మేరా హాథ్ గీలా హై" అంది. ఆకుల సంచి ఇమ్మని, చేతులు తడిగా ఉన్నాయని.

"ఏ సంచే? రెండున్నాయి."

"జిస్‌పే కాగజ్ నహీ హై, వో వాలా." కాగితం లేనిది. అని ఊరుకోలేదు. నవ్వుతూ అంది, "పఢ్‌నా నహీ హై మమ్మీ, బస్ దేఖ్‌నా హై." చదవక్కర్లేదు, చూస్తే చాలు.

దానికి ఏ దురుద్దేశమూ లేదు. అది పరాచికం. నాకు తెలుసు.

నేను కాగితం దగ్గరికి వెళ్ళాను. చూడ్డానికి కాదు, చదవడానికి. ఇ. వి. తర్వాత ఒత్తు దగ్గర ఆగాను. మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కున్నాను. ఇవి వెయ్యొద్దు.

చదివేశాను. టీచరమ్మ వేలు పెట్టి చూపించకుండా, పక్క పిల్ల అందించకుండా, నా బతుకులో నేను సొంతంగా చదివిన మొదటి మాట అది. స్వాతీ, ఇదిగో చదివాను అని అరవబోయాను. నోరు తెరిచాను కూడా.

అప్పుడే లోపలి నుంచి అంది. "రహ్‌నే దో మమ్మీ. పిన్నీ ఆయేగీ తో దే దేగీ." పోనీలే, పిన్ని వచ్చి ఇస్తుందిలే.

నేను పిన్నీసు తీశాను. కాగితం మడిచి పిన్నీసుతో సహా రవికలో పెట్టుకున్నాను. "ఇదిగో ఇత్తన్నా" అని ఆ సంచి పట్టుకెళ్ళి దాని చేతికిచ్చాను.

అవి చస్తాయని అనుకున్నానా? ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, నీళ్ళు పాడవుతాయి, పార్వతి విసుక్కుంటుంది, అంతే అనుకున్నానని. అది అబద్ధం. మందు కొట్టిన ఆకులని నాకు తెలుసు. ఒక్క క్షణం, ఆ ఎర్రటివన్నీ పోవాలనే అనుకున్నాను. ఆకులు కడిగి, వేడినీళ్ళలో ముంచి, ఒక్కొక్కటీ నీళ్ళ మీద పరుస్తున్న స్వాతి చేతుల్ని గుమ్మంలో నిలబడి చూశాను. ఆపడానికి ఎంతో సమయం ఉంది. ఆపలేదు.

సాయంత్రానికి రొయ్యలు పిచ్చిగా గాజు పైకి ఎగబాకడం మొదలుపెట్టాయి. తర్వాత ఒక్కొక్కటీ పక్కకి ఒరిగిపోయింది. ఎరుపు పోయి, ఉడికించినవాటిలా పాలిపోయిన గులాబీరంగుకి తిరిగాయి. గుడ్లు మోస్తున్నది కూడా.

"ఏ సంచిలోవి ఏసినావే?" అంది పార్వతి. దాని గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

"మమ్మీ నే దియా" అంది స్వాతి. మమ్మీయే ఇచ్చిందని.

"మీ మమ్మీకి సదువు రాదని నీకు తెల్దేటి? అప్పకేటి తెలుస్తాది? అప్పని అడగడమేటి, నువ్వు లేచి సూసుకోవద్దా?"

"కాగజ్ నహీ థా, పిన్నీ." దానికి కాగితం లేదని.

"గాలికి ఊడిపోయుంటది. సంచి సేతిలోకి వచ్చినాక ఏ మేకుదో అడగొద్దా? నీ సేతుల్తో నువ్వే ఏసినావు కదే."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. రవికలో పిన్నీసు గుచ్చుకుంటోంది. చదువు రాకపోవడం వల్ల జీవితమంతా తలదించుకున్నాను. ఆ ఒక్క సాయంత్రం అదే నన్ను కాపాడింది. దాని వెనక దాక్కున్నాను.

స్వాతి కిందికి వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. "మైనే మార్ దియా సబ్‌కో, మమ్మీ." నేనే అన్నిటినీ చంపేశాను. ఎన్నేళ్ళయింది అది నా ఒళ్ళోకి వచ్చి. నేను దాని జుట్టు నిమిరాను. నీ తప్పు కాదులే అన్నాను. ఎవరి తప్పో చెప్పలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ ఏడుపు నాకు తియ్యగా ఉంది. నాకు కావలసింది దొరికింది. కాగితాన్ని స్టవ్ మీద కాల్చేశాను.

తర్వాత స్వాతి మేడ ఎక్కడం తగ్గించింది. పార్వతి తొట్టి కడిగి బోర్లించింది. తర్వాత్తర్వాత అందులో ఉల్లిపాయలు పోసుకునేది.

అంతటితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్ళకి పార్వతి కొత్త పలక, సుద్దముక్క పట్టుకుని కిందికి వచ్చింది. "తప్పు నాదే అప్పా. సిన్నప్పుడు నన్ను సంకనేసుకుని బడికి మోసినావు. నీకు ఒక్క అచ్చరం నేర్పనేదు నేను. నేర్పుంటే ఆ కాగితం ఊడకముందే నువ్వు సదివుందువు" అంది.

నా చెయ్యి పట్టుకుని అ దిద్దించింది. నాకు అప్పటికే వచ్చిన అ. నేను కావాలని వంకరగా రాశాను. తెలియనిది నేర్చుకోవడం కష్టమని అందరూ అంటారు, తెలిసినదాన్ని తెలియనట్టు రాయడం ఎంత కష్టమో నన్ను అడగండి. గోల్‌మురి మానేశాను. ఒత్తుల దగ్గర తప్పులు వెతికి మరీ చేశాను. "మా అప్పకి ఎంత బేగి వచ్చెత్తందో" అని పార్వతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. నాకు చదువు చెప్పిన పుణ్యం ఇవాళ్టికీ దానిదే. దాని మంచితనం చూసి కూడా కుళ్ళుకున్నాను. తప్పు చేసినదాన్ని నేనైతే, తప్పు ఒప్పుకునే గొప్పతనం కూడా అదే తీసుకుపోయిందే అని. ఇలాంటి మనిషిని నేను.

స్వాతి ఇప్పుడు కద్మాలో కాపురం ఉంటోంది. పాప పుట్టినప్పుడు స్నానం పొయ్యడానికి వణికిపోయింది. తొలిచూలు భయమని అందరూ అన్నారు. నేను అనలేకపోయాను. మొన్న వెళ్ళినప్పుడు, నాలుగేళ్ళ పాప చేపల తొట్టి కావాలని మారాం చేస్తోంది. స్వాతి దాన్ని ఎత్తుకుని మెల్లగా అంది, "నహీ బేటా. మేరే హాథ్ సే కుఛ్ నహీ జీతా." నా చేతుల్లో ఏదీ బతకదు. అని పాపని కింద దించేసింది, తన చేతుల్లో ఉన్నది ఎవరో అప్పుడే గుర్తొచ్చినట్టు.

నేను అక్కడే కూర్చుని టీ తాగుతున్నాను. గ్లాసు ఖాళీ చేసి లేచాను. ఇంటికి వచ్చి కాగితం తీసుకున్నాను.

ఇది రాశాక కూడా నాకు తెలుసు, ఇందులోనూ కొంచెం దొంగతనం ఉంది. స్వాతికి తెలుగు చదవడం రాదు. పార్వతి చదవగలదు. చెప్పవలసిన మనిషికి అందని భాషలో, నేర్పిన మనిషికి మాత్రమే అందే భాషలో రాస్తున్నాను. స్వాతికి నోటితోనే చెప్పాలి. చెప్పగలనా? చెబితే మళ్ళీ నా ఒళ్ళోకి వస్తుందా? చూశారా, ఇప్పటికీ లెక్క అదే. పార్వతి క్షమిస్తుంది, నాకు తెలుసు. ఆ క్షమించడం చూసి నేను మళ్ళీ కుళ్ళుకుంటానేమో, అదీ తెలుసు. స్వాతి సంగతే తెలియదు.

అయినా ఇన్నేళ్ళలో నాలో నేను కూడా పూర్తిగా అనుకోని మాట ఒకటుంది. అది రాస్తే చెయ్యి కాస్త తేలికపడుతుందేమో.

కాగితం ఉన్న సంచి ఇచ్చింది నేనే. చదివే ఇచ్చాను.