నానమ్మ ఒప్పుకోని సున్నాలు

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు బయట విప్పి వెళ్లిన కాలం మాది. వారానికి ఒక్క గంట మన వంతు వస్తే, ఏసీ చలికి వణుకుతూ, ఫ్లాపీ చదవనని మొరాయించే మిషన్‌ను బతిమాలడానికే అందులో సగం పోయేది. ఇప్పుడు పదినెలల మనవరాలిని ఉయ్యాల్లో వేసి, ఒళ్లు కాలుతోందేమోనని పావుగంటకోసారి దాని నుదురు తాకి చూసుకుంటూ ఇది రాస్తున్నాను (కాలడం లేదు, నా చెయ్యే చల్లగా ఉంది). ఆ రోజుల్లో ఇంతకంటే ధైర్యంగా ఉండేదాన్నని మీతో చెప్పుకోవాలని ఉంది కానీ, అది అబద్ధం. అప్పుడూ ఇంతే. భయపడే విషయం మాత్రం వేరు.

ఎమ్మెస్సీ ఫిజిక్సు చివరి సంవత్సరంలో నాకిచ్చిన ప్రాజెక్టు ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మొదటి నెల నాకూ కాలేదు. సంగతి ఇది. గ్యాసు నింపిన గొట్టంలోంచి కంటికి కనిపించని కణం ఒకటి దూసుకుపోతే, అక్కడ చిటికెడు విద్యుత్తు పుడుతుంది. ఒక పరికరం దాన్ని కొలిచి, సున్నా నుంచి వెయ్యి చిల్లర దాకా ఏదో ఒక అంకెగా మార్చి చెబుతుంది. గొట్టమూ కణమూ పరికరమూ ఏవీ లేకుండా, ఈ తతంగమంతా కంప్యూటర్ ప్రోగ్రాములో జరిగినట్టు చేసి చూపించాలి. ఏ కణం ఎంత విద్యుత్తు వదులుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ ప్రోగ్రాముకు ఏ వరసా క్రమమూ లేని సంఖ్యలు రెండు వేలు అందించాలి. అన్ని సైజుల విద్యుత్తూ సమానంగా పోస్తే అన్ని అంకెలూ ఇంచుమించు సమానంగా బయటికి రావాలి. వస్తే ప్రోగ్రాము మంచిదని లెక్క. "లైబ్రరీలో రాండమ్ సంఖ్యల పుస్తకం ఉంటుందమ్మా, అందులోంచి ఎక్కించుకో" అన్నారు మా గైడు సారు. ఆయన్ని మేము 'థ్రెషోల్డ్ సారు' అనేవాళ్లం. ఒక స్థాయికి తక్కువైన చప్పుడును పరికరం లెక్కలోకి తీసుకోదు, ఆ స్థాయి పేరు థ్రెషోల్డ్. మెల్లగా చెప్పిన మాట ఆయనకూ అంతే, చెవికెక్కేది కాదు.

లైబ్రరీలో ఆ పుస్తకం లేదు. ఎవరో లెక్చరర్ రెండేళ్ల కిందట ఇంటికి తీసుకుపోయారట. ఇంకొకరైతే వెళ్లి సారును మళ్లీ అడిగేవారు. నేను మాత్రం శంషాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ద్రాక్ష తోటలు వచ్చేదాకా ఆలోచించి, గొప్ప ఉపాయం కనిపెట్టాను. వరసా క్రమమూ లేని సంఖ్యలంటే ఏమిటి? నోటికొచ్చినవి. నోళ్లకు మా ఇంట్లో కొదవ లేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక వాకిట్లో చాప పరిచి అందర్నీ కూర్చోబెట్టాను. సిటీ బస్సు డ్రైవరు మా బాపు, అమ్మ, నానమ్మ, పక్కింటి చాచీ. సున్నా నుంచి తొమ్మిది వందల తొంభై తొమ్మిది లోపల ఏదైనా చెప్పండి, ఆలోచించకండి అన్నాను.

"ఏంది బిడ్డా, ఉత్తగ నోటికొచ్చిన అంకెలు చెప్పాల్నా?" అంది నానమ్మ.

"ఔ నానమ్మా."

"గిట్ల చెప్తె డిగ్రీ ఇస్తరా? గట్లయితె మీ తాతకు రెండు డిగ్రీలు రావాలె. జిందగీ అంత నోటికొచ్చిందే మాట్లాడిండు."

చాచీ చాప అంచు సర్దుకుంటూ, "ముందుగల సాత్ సౌ ఛియాసీ రాయి బేటీ. గదేసి షురూ చేస్తె అంత మంచిగైతది" అంది. రాశాను. పేజీ తిరగేసిన ప్రతిసారీ చాచీ ఏడు వందల ఎనభై ఆరే చెప్పింది, కొత్త పేజీ అంటే కొత్త షురూ కదా. అమ్మ పాటల పుస్తకంలోని నంబర్లు చెప్పేది. చెప్పిన ప్రతి నంబరుకూ పాట గుర్తొచ్చి సన్నగా పాడేది, ఆ పాట అయ్యేదాకా మేమంతా ఆగేవాళ్లం. బాపు కళ్లు మూసుకుని "రెండొందల యాభై ఒకటి" అనేవాడు, కాసేపటికి మళ్లీ "రెండొందల యాభై ఒకటి" అనేవాడు.

"ఈయన అంకెలు చెప్తలేడే, బస్సు తోల్తుండు" అంది అమ్మ.

బాపుకు రోషం వచ్చింది. "అయిదొందలు! రాస్కో!"

"థూ! సున్నతోని ఆపుతవురా?" నానమ్మ గయ్యిమంది. "పొల్ల పరీచ్ఛకు పోతున్నది. సున్న అరిష్టం. ఒకటి కలుపు."

"ఔ అన్నా, అమ్మ చెప్పింది సచ్. పెండ్లి కట్నాలల్ల సున్న మేం గూడ ఇయ్యం" అని చాచీ వత్తాసు పలికింది. అయిదు వందలు అయిదు వందల ఒకటి అయింది. ఇక అప్పట్నుంచి ఎవరి నోట సున్నా పలికినా నానమ్మ అక్కడే పట్టుకుని ఒకటి కలిపించింది. తన వంతుల్లో మధ్యమధ్య నూట పదహారు చెప్పింది, మంచి అంకె అని. రెండు ఆదివారాల్లో రెండు వేలూ పూర్తయ్యాయి. ఇంత వరసా క్రమమూ లేని సంఖ్యలు ఏ పుస్తకంలోనూ ఉండవని నేను మురిసిపోయాను.

వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నెలన్నర పట్టింది. ప్రింటరు కీచుమంటూ చుక్కల బొమ్మ ఒకటి బయటికి తోసింది. గచ్చులా చదునుగా రావలసింది దువ్వెనలా వచ్చింది. పదికొక పన్ను ఊడిపోయి ఉంది. పది, ఇరవై, ముప్పై, సున్నాతో ముగిసే ఏ గడిలోనూ ఒక్క చుక్క లేదు. థ్రెషోల్డ్ సారు ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు.

"మిస్సింగ్ కోడ్సా ఇవి?" అన్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "అసలైన పరికరాల్లో ఈ జబ్బు ఉంటుందమ్మా, కొన్ని అంకెల్ని అవి జన్మలో పలకవు. ఆ లోపం కూడా నువ్వే ఆలోచించి పెట్టావా?"

నేను "అవును సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. రెండేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నూట పదహారు దగ్గరా, ఏడు వందల ఎనభై ఆరు దగ్గరా మేకుల్లా నిలబడ్డ గీతల్ని చూసి, "సంఖ్యలు తక్కువ కదా, అలా ఒకటీ అరా లేస్తాయి" అని ఆయనే సర్దిచెప్పుకున్నారు. అదే వారం బొంబాయిలో ఒక పరిశోధన సంస్థకు నా గురించి ఉత్తరం రాశారు. వాళ్లు జూన్‌లో ఇంటర్వ్యూకు రమ్మన్నారు, ప్రాజెక్టు పాసైన కాగితం వెంట తెమ్మన్నారు. నా బతుకులో నేను కావాలని గట్టిగా కోరుకున్నది అదొక్కటే. అది ఆ ఒక్క "అవును" మీద నిలబడి ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు అన్నం సయించలేదు. "ఏమైందే, గింత పరేషాన్ గున్నవ్?" అని అమ్మ అడిగితే ఎండ అన్నాను. ఒకరోజు తెగించి సారు గదికి వెళ్లి, "సార్, ఆ ఖాళీలు నేను పెట్టినవి కావు" అని చెప్పాను కూడా. నా గొంతు థ్రెషోల్డ్ దాటలేదు. ఆయన తలెత్తకుండానే "వెరీ గుడ్" అన్నారు. రెండోసారి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వైవాకు వేరే ఊరి నుంచి తెల్లజుట్టు పెద్దాయన ఒకరు వచ్చారు. నా ప్రాజెక్టు పుస్తకం తిప్పుతూ తిప్పుతూ ఆ దువ్వెన దగ్గర ఆగారు.

"అమ్మాయీ, పరికరం లోపల లెక్క ఎలా నడుస్తుంది?"

"రెండేసి చొప్పున సార్. రెండు, నాలుగు, ఎనిమిది..."

"మరి అది తప్పు చేస్తే పదహారు దగ్గరో, అరవై నాలుగు దగ్గరో చెయ్యాలి. సరిగ్గా పదికొకసారి ఎందుకు చేస్తుంది? పది వేళ్లున్నది మనుషులకు కదా." కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఈ సంఖ్యలు ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మా నానమ్మ సున్నా ఒప్పుకోదు సార్" అన్నాను. అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆయన నవ్వాపుకోలేక రుమాలు తీశారు. ఒక్కో మేకు మీద వేలుపెట్టి "ఇదెవరు?" అనడం, నేను "చాచీ సార్", "బాపు బస్సు సార్" అని వెక్కుతూ చెప్పడం. థ్రెషోల్డ్ సారు మాత్రం నవ్వలేదు. "నన్ను అడిగి ఉండాల్సిందమ్మా" అని ఒక చీటీ మీద మూడు లైన్లు రాసిచ్చారు. ఒక అంకెను హెచ్చించు, కొంత కలుపు, భాగించి శేషం తీసుకో. అంతే. కావలసినన్ని సంఖ్యలు కంప్యూటరే చెప్పుకుంటుంది. రెండు వేలు కాదు, రెండు లక్షలైనా.

మొత్తం మళ్లీ చేసి నెల తర్వాత రమ్మన్నారు. నెల తర్వాత అంటే బొంబాయి ఇంటర్వ్యూ అయిపోయిన తొమ్మిది రోజులకు. (మళ్లీ చేశాను, పాసయ్యాను, ఊళ్లోనే జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. బొంబాయి వాళ్లు ఇంకెప్పుడూ పిలవలేదు.)

ఇంట్లో ఇదంతా ఎలా చెప్పాలో తెలియక, "అంకెలు సరిగ్గ లేవంటున్నరు" అని మాత్రం చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాను. మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో చాప పరిచి ఉంది. బాపు డ్యూటీ మార్పించుకుని వచ్చాడు. చాచీ ముందే వచ్చి కూర్చుంది. నానమ్మ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇగ ఏదన్న అయితె నాకు గానీ, పొల్లకు గాదు" అని నా వైపు తిరిగింది. "సున్నలు లేవనేనా ఆ సారు లొల్లి? రాస్కో. ఈసారి సున్నలే చెప్త."

"పది" అంది. "ఇరవై" అంది. "ముప్పై."

మూడు లైన్ల చీటీ నా సంచిలోనే ఉంది. తీసి చూపించడానికి చెయ్యి రాలేదు. పొద్దుగూకే దాకా రాస్తూనే ఉన్నాను, ఎవరికీ అక్కర్లేని ఆ సంఖ్యలన్నీ. ఇప్పుడు తలుచుకుంటే జాలి వేయదు, నవ్వొస్తుంది. బొంబాయి పోయి, పరువు పోయి, ముక్కు ఎగబీల్చుకుంటూ కూర్చున్న ఆ పిల్ల, నలభై దగ్గర కలం ఆపి మరీ దిద్దింది: "నానమ్మా, వరుసగ చెప్పొద్దు. కలిపి చెప్పాలె."