జీవాల మీటింగు

సర్కారు సార్లు చెప్పి పంపిన మాట "జీవసాంకేతిక సభ". డప్పు కొట్టే ఎల్లస్వామికి ఆ సాంకేతికం నోరు తిరగలేదు. "రేపు బడికాడ జీవాల మీటింగున్నదహో!" అని ఊరంతా అరిచేశాడు. కేతేపల్లి వైపు జీవాలంటే గొర్రెలూ మేకలే కదా! ఊరవతల మందతో ఒంటరిగా ఉండే గుర్వమ్మ ఆ కేక విని ఎంత సంబరపడిందో!

"నన్ను మాట్లాడనిస్తరా, తమ్మీ?"

"ఎందుకియ్యరక్కా? చెయ్యెత్తాలె, అప్పుడు అడుగుతరు," అన్నాడు ఎల్లస్వామి.

గుర్వమ్మ భర్త పర్వతాలు చనిపోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. పొద్దంతా గొర్రెలను అదిలించడమే తప్ప మనిషితో మాటలేదు. ఒక్కోసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. ఏడాదికోసారి, పత్తి ఏరడం అయ్యాక, గోపయ్య చేన్లో మంద పెట్టేది. గొర్రెలు మిగిలిన ఆకు మేసేవి, చేనుకు ఎరువు పడేది. పొద్దుగూకే వేళ గోపయ్య భార్య సోమమ్మ జొన్నరొట్టె తెచ్చి గట్టు మీద కూర్చునేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బర్రె ఈనింది, అన్నీ చెప్పేది. రొట్టెకన్నా ఆ ముచ్చట్లంటేనే గుర్వమ్మకు ప్రాణం. ఆ కొద్ది రోజుల కోసమే ఏడాదంతా బతికేదంటే అబద్ధం కాదు.

బడికాడ అరుగు మీద అన్నీ మగ తలకాయలే. గుర్వమ్మ గోడవారన కూలబడింది. పట్నం సారు గొర్రెల ఊసే ఎత్తలేదు. పురుగు తట్టుకునేలా జన్యువు మార్చిన కొత్త పత్తిని ఈ ఊళ్లో వేసి చూస్తారట, అందుకు ఊరి మాట కావాలట. జన్యువేమిటో గుర్వమ్మకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ చివరి మాటలు మాత్రం గుండెలో గుచ్చుకున్నాయి.

"గోపయ్య గారి చేను ఎంచుకున్నాం. కంచె వేస్తాం. ఏరిన తర్వాత మిగిలిన పత్తికట్టె మొత్తం కాల్చేస్తాం. పశువులూ గొర్రెలూ లోపలికి రాకూడదు."

అయ్యో, మరి మంద? సోమమ్మ? వద్దని చెప్పాలి. గుర్వమ్మ గబుక్కున చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే సారు, "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు. అరుగు మీది చేతులన్నీ లేచాయి. వాళ్లవి దిగినా గుర్వమ్మది దిగలేదు.

"సారూ, జర నా మాట..."

"చూశారా! అమ్మ కూడా ఒప్పుకుంది!" అని సారు నవ్వాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో ఆమె మాట ఎవరికి వినబడుతుంది? ఆయన అప్పుడే జీపెక్కేశాడు.

ఆ ఏడు పత్తి ఏరడం అయ్యాక గుర్వమ్మ మందను తోలుకుని కంచె దాకా వచ్చింది. గొర్రెలు అలవాటుగా ఆగిపోయాయి. లోపల కట్టె కాలుతోంది.

"మా చేన్ల పెట్టొద్దంట గుర్వమ్మా. మందను ఎటన్న తోలుకపో," అన్నాడు గోపయ్య.

"నేనొద్దందామనే చెయ్యెత్తిన గోపన్నా!"

"గట్లనా?" గోపయ్య వింతగా చూశాడు. "మేం ఒప్పుకున్నవనే అనుకున్నం. నువ్వు చెయ్యెత్తినవని సోమమ్మ గూడ ఊరంత చెప్పింది."

"సోమమ్మ బాగున్నదా?"

"బాగనే ఉన్నది. చేన్లకు వచ్చే పని లేదు గదా ఇప్పుడు."

గుర్వమ్మ గొర్రెలను అదిలించి బాటకెక్కింది. కొంగులో సోమమ్మ కోసం మూటగట్టిన రేగుపండ్లు అట్లనే ఉన్నాయి.