ఎల్ఫులు ఓడిన ఆదివారం

ముందే ఒప్పుకుంటున్నా. నేను చెప్పేదాంట్లో పావు వంతు జరిగింది, మిగతాది నా నోరు జరిపింది. సూర్యాపేట ఎండకు గోడ మీది బల్లి కూడా చెప్పులడుగుతదని రాసేటోన్ని, యుద్ధం గురించి తక్కువ చేసి రాస్తనా?

యుద్ధం మా ముందటి గదిలో, చాప మీద జరిగింది. కోదాడలో డిగ్రీ చదివే మా బిడ్డ రెండేండ్లుగా నోటుబుక్కుల్లో ఒక లోకాన్ని కడుతున్నది. ఆ బుక్కులు పేరిస్తే మా మిద్దెకు ఇంకో అంతస్తు లేస్తది. స్నేహితులు ఆ లోకంలో తలా ఒక వేషం కట్టి, పాచికలేసి ఆడుకుంటరు. అక్కడ పాతకాలంలో మనుషులు ఎల్ఫులను ఓడించిన్రు. ఎల్ఫులంటే మొనదేలిన చెవులు, వెయ్యేండ్ల ఆయుష్షు, గురి తప్పని బాణం ఉన్న అడవి జనం.

మిర్యాలగూడ నుంచి వచ్చిన నా మేనల్లుడు అడ్డం తిరిగిండు. "మామా, గిది నమ్మేటట్టున్నదా? చెట్టెక్కితే వాళ్లు కనబడనే కనబడరు. మనుషులు ఎట్ల గెలుస్తరు? కారణం చెప్పమను. లేకుంటే ఎల్ఫులే గెలిసిన్రని మొత్తం తిప్పి రాయాలె."

తీర్పరిగా బిడ్డ స్నేహితురాలు, కోదాడ పిల్ల, కూర్చున్నది. "కారణం లేకపోతే మార్చాల్సిందేనండి అంకుల్," అన్నది.

రెండేండ్ల లోకం. బిడ్డ మొహం వాడిపోయింది.

అప్పుడు నేను లేచిన. హైవే మీద లారీలు హారన్లు ఆపినయి.

"మనుషుల దగ్గర మేకలున్నయిరా," అన్న.

"మేకలా?"

"మనోళ్లు అడవిల యుద్ధమే చెయ్యలే. మంద తోలుకపోయి మకాం పెట్టిన్రు. మేక ముందు కాళ్లు చెట్టుకు ఆనిచ్చి నిలబడితే అందినంత దాకా ఆకుండదు. అందని కొమ్మలను కాపరి పొడుగు కర్రకు కొడవలి కట్టి దించుతడు. మూడు ఎండకాలాలకు ఎల్ఫులు దాక్కునేటందుకు ఆకు మిగల్లే."

"మేకల్ని బాణాలతోటి కొడ్తరు గద?"

"కొట్టనీ. బాణం ఏ చెట్టు మీదికెళ్లి వచ్చిందో తెలుస్తది. ఆ పూటకు కూర కూడా అయితది."

"వెయ్యేండ్లు బతికేటోళ్లు, ఓపిక పడ్తరు."

"పట్టనీ. ఎల్ఫు నూరేండ్లకు ఒక్కర్ని కంటది. చెట్టు మళ్ల చిగురేసేలోపు ఆ చిగురు తినేటందుకు మేక మనుమరాలు వస్తది."

కోదాడ పిల్ల పెన్ను మూసి, "మనుషులే గెలిచారండి," అన్నది. మేనల్లుడు తన కాగితం మీద ఎల్ఫు వేషం కొట్టేసి, "నాక్కూడ ఒక మంద రాయి," అన్నడు బిడ్డతో. మేళ్లచెరువు సిమెంటు లారీలన్నీ మా గల్లీల ఊరేగింపు తీసినయి.

ఇగ అబద్ధమేదో చెప్తా. లారీల సంగతి మీకు తెలుస్తనే ఉన్నది. లేచింది నేను కాదు. ఆ మాటలన్నీ బిడ్డవి. సెలవులల్ల మా నాయిన మంద వెంట పెద్దవూర దిక్కు తిరిగిన పిల్ల అది. "మా తాత మేకలు" అని నోరు తెరవంగనే, బయటిపిల్ల ముందర మేకల ముచ్చటెందుకని నేను దాని కాలు తొక్కిన.

అది కాలు గుంజుకొని చెప్పింది.