ఇంటిల్లిపాదీ అన్న పిలుపు

ఆ ఏడు కార్తీక వనభోజనాలు పాత దివాణం తోటలో పెట్టుకుందామని మా ఇంట్లో ముందుగా అన్నది నేనే. చాటలో బియ్యం చెరుగుతున్న అత్తగారు చెయ్యి ఆపి నా వంక చూశారు. ఏటా మా వాళ్ళు ఇంటి వెనక కొబ్బరితోటలోనే ఆ ముచ్చట తీర్చేసుకునేవారు.

"అక్కడ ఉసిరి చెట్టుందా?" అని అడిగారు.

"ఉందండి. వెనక వసారాకి ఎదురుగా, బావి పక్కన."

"నువ్వెప్పుడు చూసేవే?"

"చిన్నప్పుడండి."

అంతకు మించి చెప్పలేదు. ఆ చెట్టు కింద నేను ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చిన సంగతి ఆవిడకు తెలియాల్సిన పని లేదనుకున్నాను.

నాకు ఊహ తెలిసిన కొత్తల్లో ఆ దివాణంలో పెళ్ళి జరిగింది. వాళ్ళు మా పుట్టింటికి దూరపు చుట్టాలు. కాకపోతే వాళ్ళు జమీ ఏలేవారు, మేము పొలం దున్నుకునేవాళ్ళం. మా వైపు భోజనాల పిలుపుకి ఒక పద్ధతి ఉంది. పిలవడానికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "తమరు దయచెయ్యాలండి" అంటే ఇంటి యజమాని ఒక్కడే వెళ్ళాలి. "ఇంటిల్లిపాదీ దయచెయ్యాలండి" అంటే ఆ పూట పొయ్యి ముట్టించకుండా పిల్లాజెల్లాతో అందరూ వెళ్ళొచ్చు. దివాణం మనిషి వచ్చినప్పుడు నాన్నగారు పొలంలో ఉన్నారు. పిలుపు విన్నది అమ్మ. ఇంటిల్లిపాదీ అన్నాడని సంబరంగా చెప్పి, తన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని నాన్నగారితో బయలుదేరింది.

ఆడవాళ్ళ బంతి వెనక వసారాలో వేశారు. అమ్మ చిట్టచివర, వంటింటి గుమ్మం పక్కన కూర్చుంది. వడ్డన అయింది. అమ్మ పప్పన్నం కలిపి ముద్ద ఎత్తింది. అప్పుడు వచ్చారు దివాణం అమ్మగారు, ఆ ఇంటి జమీందారు గారి భార్య. బంతి మొదటి నుంచి ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి అమ్మ ఎదుట ఆగారు.

"నిన్నెవరు పిలిచేరమ్మా?"

"మీ మనిషి ఇంటిల్లిపాదీ అన్నాడండి" అంది అమ్మ. అమ్మగారు పిలుపుల మనిషిని రప్పించి, "ఆ ఇంటికి ఏమని పిలిచేవురా?" అని అడిగారు. అతను నేల చూస్తూ, "తమరు అన్నానండమ్మగారూ. అంతేనండి" అన్నాడు. అమ్మ ఎత్తిన ముద్దని తిరిగి విస్తట్లో పెట్టి లేచింది. బావి దగ్గర చెయ్యి కడుక్కుంటూ, ఏడవద్దని నన్ను కసిరింది. బంతిలో వాళ్ళు నవ్వారని అనను. తినడం మాత్రం ఒక్కరూ ఆపలేదు.

ఆ రోజు నుంచి మా ఊళ్ళో అమ్మ పేరు పోయి 'పిలవని పేరంటం' అన్న పేరు నిలిచింది. చెవులు ఎక్కడ పెట్టి విన్నావు అని నాన్నగారు ఏ చిన్న పనికైనా ఎత్తిపొడిచేవారు. మొదట్లో అమ్మ ఒట్టు పెట్టుకుని మరీ వాదించేది. తరువాత తరువాత, "ఏమోనే, తమరు అనే అన్నాడేమో, ఆశ కొద్దీ నాకే అలా వినపడిందేమో" అనడం మొదలుపెట్టింది. ఎవరింట్లోనూ మళ్ళీ బంతిలో కూర్చోలేదు. నా పెళ్ళిలో కూడా అందరూ తిన్నాక వంటింట్లో మూలన ఇంత తింది. ఆ అనుమానంతోనే పోయింది. అమ్మని విస్తరి ముందు నుంచి లేపినందుకు కాదు, తన చెవుల్ని తానే నమ్మకుండా చేసినందుకు దివాణం అమ్మగారి మీద నాకు కక్ష. అది నాతో పాటు పెరిగి పెద్దదయింది.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి, కాలవ మా అత్తవారి పొలాల దాకా వచ్చేసరికి రోజులు తిరగబడ్డాయి. మా గాదెలు నిండాయి. దివాణం వేలంలో పోయింది. కొనుక్కున్న షావుకారు ఎక్కడో రాజమహేంద్రవరంలో ఉండి ఇటు తొంగి చూసేవాడు కాదు. దివాణం అమ్మగారు మాత్రం భర్త పోయి, తనవాళ్ళు తలో దిక్కూ అయి, ఆ షావుకారు దయ మీద వెనక గదుల్లో ఒక్కర్తీ ఉంటున్నారని విన్నాను. విన్న రోజు నాకు అన్నం సహించింది. చాలా బాగా సహించింది.

ప్రయాణం ఏర్పాట్లు చూస్తే మా ఇంట్లో పెళ్ళి అనుకోవాలి. పిల్లలకి ఆ దివాణం చెక్కడపు తలుపులు చూడాలని, దూలానికి వేలాడేసిన పాత పల్లకీ ఎక్కాలని ఆత్రం. "గబ్బిలాల కొంపలో భోజనం ఏవిటే, నీకేవైనా గాలి సోకిందా?" అని మా ఆయన ఆటపట్టించారు. కాలవలో పడవ మీద వెళ్దామనేసరికి ఆయనా మెత్తబడ్డారు. పనసపొట్టు కూర, కందా బచ్చలీ, గుమ్మడికాయ పులుసూ, పులిహోరా, పూర్ణాలూ అని అత్తగారు తేల్చారు. గుండిగలు ఏ పడవలో, పిల్లలు ఏ పడవలో అన్నది నేను తేల్చాను. ఆడవాళ్ళ బంతి వెనక వసారాలో వెయ్యాలని కూడా నేనే తేల్చాను. ఎండ పడదండీ అంటే అందరూ నా ముందుచూపు మెచ్చుకున్నారు.

"ఆవిడ గుమ్మంలో తింటూ ఆవిడ్ని పిలవకపోతే ఏం బాగుంటుందే?" అన్నారు అత్తగారు.

"నేనే వెళ్ళి పిలుస్తానండి."

"ఒక్కర్తీ ఉన్నా సరే, ఇంటిల్లిపాదీ అనే పిలువు. మర్యాద."

"ఆయ్" అన్నాను, అంతకంటే వినయంగా ఏ కోడలూ అని ఉండదు. నేను కోరుకున్నదీ అదే. ఎవరూ పక్కన లేకుండా పిలుస్తాను. విస్తరి వేసి, వడ్డించి, ఆవిడ ముద్ద ఎత్తాక, అందరూ వినేలా "మిమ్మల్నెవరు పిలిచేరండీ?" అంటాను. పిలిచావు కదా అంటే లేదంటాను. తన చెవులు తానే అనుమానించుకోవడం ఎలా ఉంటుందో ఆవిడా చూడాలి. పప్పు రుబ్బుతున్నా, దీపం పెడుతున్నా ఆ మాటే లోపల సాధన చేసుకునేదాన్ని.

పిలవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ వసారాలో చింతపండు గింజ తీస్తున్నారు. ఒకప్పుడు బంతి మొత్తాన్ని వణికించిన మనిషి, ఎండిన కొబ్బరిమట్టలా ఉన్నారు. జాలి వేస్తుందేమోనని భయపడ్డాను. వెయ్యలేదు.

"కార్తీక భోజనాలకి ఇంటిల్లిపాదీ దయచెయ్యాలండి" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఇంటిల్లిపాదీ అంటే నేనేగా అమ్మా" అని నా మొహం చాలాసేపు చూశారు. "ఏ ఇంటి కోడలివి?"

అత్తవారింటి పేరు చెప్పాను. పుట్టింటి పేరు అడగలేదు. "వస్తానమ్మా" అన్నారు.

అన్నట్టే ఆ రోజు తెల్లచీర శుభ్రంగా ఉతికి కట్టుకుని వచ్చారు. పిల్లలు ఇల్లంతా కేకలు పెడుతూ తిరుగుతున్నారు. ఉసిరి చెట్టుకి పూజ అయ్యాక మగవాళ్ళకి తోటలో, ఆడవాళ్ళకి వసారాలో ఆకులు వేయించాను. పెద్దావిడని మొదట కూర్చోపెట్టమని అత్తగారు అంటున్నా వినకుండా, చిట్టచివర, వంటింటి గుమ్మం పక్క ఆకు చూపించాను. ఆవిడ మారు మాట లేకుండా కూర్చున్నారు. అన్నం, పప్పు నేనే వడ్డించి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ అన్నం కలిపి ముద్ద ఎత్తారు. నేను నోరు తెరిచాను.

"అడుగమ్మా" అన్నారు ఆవిడ, నాకంటే ముందు. "అడగడానికే కదా పిలిచేవు. మీ అమ్మ కూర్చున్న చోటే కదూ ఇది? పిలవడానికి వచ్చిన రోజే నీ మొహంలో మీ అమ్మ పోలిక చూసేను. లేపుతావని తెలిసే వచ్చేను."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఆవిడ ముద్ద విస్తట్లో పెట్టి, అందరికీ వినపడేలా గొంతు పెంచారు.

"వీళ్ళమ్మ తప్పు వినలేదండి. ఇంటిల్లిపాదీ అనే పిలిపించేము. పిలుపులవాడి చేత అబద్ధం ఆడించింది నేను. పెళ్ళికి ముందురోజు వీళ్ళ నాన్న గట్టు మీద మా పల్లకీకి తప్పుకోకుండా నిలబడ్డాడు. ఆయన్ని లేపే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడ్ని లేపేను."

ఆ మాట కోసం అమ్మ బతికినంత కాలం ఎదురుచూసింది. నాన్నగారి పొగరుకి అమ్మ లేచింది, ఆ పైన నాన్నగారి చేతే జన్మంతా చీవాట్లు తింది. చల్లబడాల్సిన కడుపు ఇంకా భగ్గుమంది. నేను దాచుకున్న ప్రశ్న ఆవిడ నా నోట్లోంచి లాగేసుకున్నారు. ఇక ఆవిడ లేచి వెళ్ళిపోతే, బాధ ఆవిడదీ, పరువూ ఆవిడదే అవుతుంది.

ఆవిడ ఆకు మడవబోయారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"లేవకండి. తినండి" అన్నాను. "మా అమ్మ తినకుండా వదిలేసిన అన్నం అండి ఇది. పూర్తిగా తినాలి."

మా వైపు మర్యాదలకి పేరు. కడుపు నిండిందన్న వాళ్ళని మేము వదిలిపెట్టం. ఆ రోజు నేను ఆవిడకి చేసిన మర్యాద ఎవరికీ చేసి ఉండను. పప్పు మీద పప్పు, కూర మీద కూర, నెయ్యి వంచి వంచి పోశాను. వద్దమ్మా అంటే ఇంకో పూర్ణం వేశాను. ఆవిడ కళ్ళ నీళ్ళు విస్తట్లో పడుతున్నా ముద్ద మీద ముద్ద మింగారు. అత్తగారు ఒకసారి "అమ్మాయ్" అన్నారు కానీ, నా మొహం చూసి ఊరుకున్నారు. మజ్జిగ అన్నం దాకా నిలబడి తినిపించాను.

బావి దగ్గర చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు నేనే పోశాను.

"ఇంకెప్పుడూ నన్ను పిలవకమ్మా" అన్నారు, చాలా నెమ్మదిగా.

మరుసటి ఏడు పిలిచాను. ఆ తరువాతి ఏడూ పిలిచాను. ఇంటిల్లిపాదీ అని, గుమ్మంలో నిలబడి, ఇరుగుపొరుగు వినేలా పిలిచేదాన్ని. మా పుట్టింటి ఊరివాళ్ళని, అమ్మకి ఆ పేరు పెట్టినవాళ్ళని వెతికి వెతికి పిలుచుకొచ్చి ఆ బంతిలో కూర్చోపెట్టేదాన్ని. ఆవిడ ఒక్క కార్తీకమూ మానలేదు. వచ్చి ఆ చివరి ఆకు ముందే కూర్చుని, అన్నం ముట్టుకోకుండా నా కోసం చూసేవారు. నేను తల ఊపేదాన్ని.

"వీళ్ళమ్మని మేము పిలిచేమండి" అనేవారు ఆవిడ. "ఇంటిల్లిపాదీ పిలిచేమండి."

ఆ మాట బంతి ఆ కొస దాకా వినపడ్డాకనే నేను గరిటె పట్టుకునేదాన్ని.